కవరేజ్ ఏరియాలో లేరు

కోడిగుడ్డు ఉడకలేదు.

రెండు సెల్‌ఫోన్ల మధ్య గుడ్డు పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి ఫోన్ చేసి వదిలేస్తే కాసేపట్లో ఉడికిపోతుందని ఎవరో పంపిన మెసేజ్ అప్పట్లో అనకాపల్లి అంతా తిరిగింది. లూర్దు మేరీ ఎవరో చెప్పింది నమ్మి ఊరుకునే మనిషి కాదు. మొగుడి ఫోనూ, వీధి చివర ఫోన్ల షాపులో పనిచేసే సుజి ఫోనూ అడిగి తెచ్చుకుంది. కుట్టు మిషను బల్ల మీద గుడ్డు పెట్టి, అటొకటి ఇటొకటి ఆనించి, తాను మాత్రం గుమ్మం అవతల నిలబడి తొంగి చూసింది. చాలాసేపయ్యాక పగలగొడితే తెల్లసొన చక్కగా జారింది. కాకపోతే గుడ్డు గోరువెచ్చగా తగిలింది. మే నెలలో, రేకుల ఇంట్లో, కుండలో నీళ్ళే గోరువెచ్చగా ఉంటాయి, గుడ్డు ఉండదా? ఆ మాట చెప్పేవాళ్ళు పక్కన లేరు. "సూసేవా, కాగిపోయింది" అని తనకు తానే చెప్పుకుని, ఆ గుడ్డుని తీసుకెళ్ళి మురిక్కాలవలో పారేసింది.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆమె భయం ఉత్తపుణ్యానికి వచ్చింది కాదు. కిందటేడు నాలుగో నెలలో కడుపు పోయింది. డాక్టరమ్మ "ఒక్కోసారి అలా అవుతుందమ్మా" అని తర్వాతి పేషెంటుని పిలిచింది. ఒక్కోసారి అలా ఎందుకవుతుందో ఎవరూ చెప్పకపోతే, తల్లి అయినది తానే వెతుక్కుంటుంది. వెతికితే దొరక్కేం? ఆ రోజుల్లోనే ఎదురింటి డాబా మీద సెల్ టవర్ లేచింది. ఆ రోజుల్లోనే మొగుడు రత్నరాజు ఫోన్ కొని తలగడ కింద పెట్టుకుని పడుకోవడం మొదలెట్టాడు. ఆ తలగడకి ఇవతల తను, తన కడుపు. ఇంకేం కావాలి?

ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. లోపల బిడ్డ కదులుతోంది. కదిలినప్పుడల్లా సంతోషం అరక్షణం ఉండేది, ఆ వెనకే భయం వచ్చి కూర్చునేది. ఇంట్లో ఫోన్ మోగితే రెండు చేతులూ కడుపుకి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తేది. సెల్‌ఫోన్ చెవికి ఆనించుకోవడమన్నది ఆమె ఎరగదు. అంత అవసరమైతే రత్నరాజు స్పీకర్ పెట్టి మూరెడు దూరంలో పట్టుకునేవాడు. ఆమె అక్కణ్ణుంచే అరిచి మాట్లాడేది.

రత్నరాజుది పరవాడ వైపు ఒక మాత్రల కంపెనీలో బాయిలర్ దగ్గర పని. పొద్దున్న కంపెనీ బస్సెక్కితే సాయంత్రం అదే బస్సులో దిగుతాడు. కోపం తెలియని మనిషి. "మా అమ్మకీ ఒకసారి పోయిందంట. అప్పుడీ సెల్లులెక్కడున్నాయే?" అని ఒకే ఒక్కసారి అన్నాడు. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. మళ్ళీ అనలేదు.

అలాంటి రోజుల్లో నెహ్రూ చౌక్ దగ్గర గొడుగు కింద ఒకడు వెలిశాడు. వాడి దగ్గర ఫోన్లకి తొడిగే నల్ల కవర్లున్నాయి. చేతిలో ఒక చిన్న లైటు స్టిక్కరు ఉంది. దాన్ని ఫోను పక్కన పెట్టి ఇంకో ఫోను నుంచి రింగ్ ఇస్తే, స్టిక్కరు ఎర్రగా, నీలంగా మిణుకు మిణుకుమంది. "ఈ లైటు ఎలుగుతన్నాదంటే రేడియేషను బయటికొస్తన్నట్టు! మీ గుండెల్లోకి, మీ పిల్లల్లోకి!" అన్నాడు వాడు. తర్వాత ఫోనుని కవర్లో దూర్చి మళ్ళీ రింగ్ ఇచ్చాడు. లైటు వెలగలేదు. "సూడండి! విషం ఎక్కడిదక్కడే ఆగిపోయింది!" జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. లోపలున్న ఫోను అసలు మోగిందా లేదా అని అడగాలని అంతమందిలో ఒక్కరికీ తోచలేదు.

లూర్దు మేరీ ఒక కవరు కొనుక్కుని ఇంటికొచ్చి, మొట్టమొదట చేసిన పని దాని కుట్లు విప్పడం. టైలరింగ్ చేసే చెయ్యి ఊరుకోదు కదా. రెండు గుడ్డల మధ్య పల్చటి వెండి కాగితం ఒకే ఒక్క పొర ఉంది. అదీ మూలల దగ్గర చిరిగింది. ఒళ్ళు మండిపోయింది ఆమెకి. "దొంగసచ్చినోడు. పిల్లల పేరు సెప్పి అమ్ముతాడా ఈ సింపిరి?" అని తిట్టింది. తిట్టిన నోటితోనే, తాను కుడితే ఇంతకు పదింతలు బాగా కుట్టగలనని అనుకుంది.

వెండి కాగితానికి కొదవ లేదు. రత్నరాజు పనిచేసే కంపెనీలోనే ప్యాకింగ్‌లో త్రినాథరావు ఉన్నాడు. మాకవరపాలెం వైపు చెరుకు రైతుల ఇంటివాడు, పక్క వీధిలోనే కాపురం. రత్నరాజూ అతనూ ఒకే సీటులో కూర్చుని వెళ్ళి, ఒకే సీటులో కూర్చుని వస్తారు, "బావా" అంటే "బావా" అనుకుంటారు. ఆ వరసన లూర్దు మేరీకి అతను అన్నయ్య. మాత్రల పట్టీలకి వాడగా మిగిలి పారేసే వెండి కాగితం ముక్కలు సంచినిండా తెచ్చి గుమ్మంలో పడేశాడు.

"ఇదిగో సెల్లెమ్మా. బావకి సొక్కా కుట్టినా సరిపోద్ది. ఏ విషమూ అంటుకోదు" అని నవ్వాడు.

జాకెట్టు లైనింగు గుడ్డ మధ్య కాగితం పరిచి, బొంత కుట్టినట్టు అడ్డంగా, నిలువుగా మిషను పరిగెత్తించింది లూర్దు మేరీ. లోపలి పొరలో వేళాంగణి మాత బొమ్మ పెట్టింది. మూతకి జాకెట్టు హుక్కులు వేసింది. ఛార్జరు పిన్ను దూరేంత కన్నం అడుగున వదిలింది. సుజికీ ఒకటి కుట్టిచ్చింది. సుజి మొహమాటానికి తీసుకుని, షాపులో మేకుకి తగిలించి, అందులో పిన్నీసులు వేసుకుంది.

రత్నరాజు చేత మాత్రం ఒట్టు వేయించుకుంది. అతని చెయ్యి లాగి తన కడుపు మీద పెట్టుకుంది.

"మోగితేనే కవర్లోంచి తియ్యండి. మోగకపోతే తియ్యకండి. కంపెనీలోనైనా, ఇంట్లోనైనా. బిడ్డ మీద ఒట్టెయ్యండి."

"దీనికి ఒట్టెందుకే?" అంటూనే వేశాడు. మోగకపోతే తియ్యక్కర్లేని ఫోను. అంతకన్నా తేలికైన ఒట్టు ఉంటుందా?

ఆ తర్వాత ఒకనాడు ఏదో పనిమీద సుజి షాపుకి వెళ్ళి, కాయిన్ బాక్సు నుంచి మొగుడికి ఫోన్ చేసింది. అది తీగ ఉన్న ఫోను కాబట్టి దానికి భయం లేదు. అవతల రత్నరాజు పలకలేదు. ఒక ఆడగొంతు, చదువుకున్న గొంతు, తియ్యగా చెప్పింది: "మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం కవరేజ్ ఏరియాలో లేరు."

లూర్దు మేరీ రిసీవరు పెట్టేసింది. ఆ మాట ఆమె వినడం అదే మొదలు. కవరు తెలుసు. కవరు తానే కుట్టింది. కవరేజ్ అంటే ఆ కవరు కాపాడినంత మేర అన్నమాట. అందులో లేరు అంటోంది. అంటే కవరు చాలడం లేదు. మనిషి బయటే ఉన్నాడు. విషం తగులుతూనే ఉంది. ఎంత మంచి పిల్లో, ఎక్కడో కూర్చుని కనిపెట్టి చెప్పింది! అడిగితే సుజి నవ్వుతుందని అడగలేదు. గబగబా ఇంటికొచ్చి కవరు కొలతలు తీసుకుని, ఆ సాయంత్రమే ఇంకో పొర వేసి కుట్టేసింది.

మర్నాడు మళ్ళీ ఫోన్ చేసింది. మళ్ళీ అదే మాట. ఇంకో పొర వేసింది. ఆ తర్వాత వారం కూడా అంతే. కవరు ఇప్పుడు జేబులో పట్టీ పట్టనట్టుంది. ఓ రోజు అతను బస్సు దిగి రాగానే కవరు పట్టుకుని చూస్తే కాలుతోంది. లోపలి ఫోను వేడెక్కి ఉంది. బయటికి రాలేక విషమంతా లోపలే ఉడుకుతోందని అనుకుంది. ఆ ఉడుకు పగిలి బయటికొస్తే ఏం గతి? అంచుల వెంట ఇంకో వరస కుట్టు వేసింది.

రత్నరాజు మాత్రం మహా సుఖంగా ఉన్నాడు. "ఈ కవరొచ్చిన కాణ్ణుంచి ఫోను గోల నేదే మేరీ. ప్రాణానికి హాయిగున్నాది" అనేవాడు.

ఆ హాయి ఎంత మంచిదో తెలిసిరావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఎవరిదో పెళ్ళి జాకెట్టుకి చేతులు అతుకుతోంది. వీధిలో ఆడవాళ్ళు పరిగెడుతున్న చప్పుడైంది. బయటికొచ్చేసరికి అందరూ సుజి షాపు వైపే వెళ్తున్నారు. పరవాడ దిక్కున ఆకాశం నల్లగా ఉంది. మబ్బేమో అనుకుంది. మబ్బు కింద నుంచి పైకి లేవదు.

"అక్కా! మనోల్ల కంపెనీయేనంట! ట్యాంకు పేలిపోయిందంట! బాయిలరు పక్కనే మంటలంట!" అని సుజి షాపులోంచే అరిచింది.

లూర్దు మేరీ కడుపు పట్టుకుని షాపులోకి పరిగెత్తింది. కాయిన్ బాక్సు ముందు అరడజను మంది తోసుకుంటున్నారు. ఒకామె మొగుడి గొంతు విని అక్కడే కూలబడి ఏడ్చింది. ఇంకొకామె కొడుకుని "ఇంటికొచ్చీరా నాయనా, ఆ ఉజ్జోగం వద్దురా" అని అరుస్తోంది. కడుపుతో ఉన్న మనిషని లూర్దు మేరీకి దారిచ్చారు. నంబరు నొక్కింది. ఒకసారి తప్పు నొక్కింది, మళ్ళీ నొక్కింది.

"మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం కవరేజ్ ఏరియాలో లేరు."

"లేడంతన్నాది సుజీ!" అని పెద్దగా ఏడ్చింది. "అన్ని పొరలేసేను, ఇంకా కవరేజీలో నేడంతన్నాది! మంటల్లో ఉన్నాడే, కవరు ఆపనేదే!"

సుజి ఆమె భుజాలు పట్టుకుంది. "అక్కా, ఏటి మాటాడతన్నావ్? కవరేజంటే నీ కవరు కాదక్కా. టవరు. ఫోనుకి టవరు అందట్నేదని సెప్తంది. అది మనిషి కాదు, రికార్డింగు."

"ఎందుకందదు?"

"ఇనప బీరువాలో పెట్టినా అందదు. గట్టిగా ఏ రేకులోనో సుట్టేత్తే..." అని సుజి మధ్యలోనే ఆగిపోయింది. ఇద్దరి చూపులూ ఒకేసారి మేకు మీదికి పోయాయి.

సుజి కవరు అందుకుని పిన్నీసులు కింద కుమ్మరించింది. తన సెల్‌ఫోన్ అందులో పెట్టి, హుక్కులు వేసి లూర్దు మేరీ చేతిలో పెట్టింది. కాయిన్ బాక్సు నుంచి తన నంబరుకే నొక్కి, రిసీవరు ఆమె చెవి దగ్గర పెట్టింది. ఎదురుగా డాబా మీద టవర్ ఉంది. చేతిలో ఫోన్ ఉంది. చేతిలో ఏ చప్పుడూ లేదు. చెవిలో మాత్రం ఆ తియ్యటి గొంతు అదే మాట, అదే మర్యాదతో చెప్పింది.

గొడుగు కింద వెలగని లైటు గుర్తొచ్చింది లూర్దు మేరీకి. కవరు ఆపింది విషాన్ని కాదు. మొగుణ్ణి పిలిచే ప్రతి గొంతునీ. తాను పొర వేసిన కొద్దీ ఆ గొంతులకి దారి మూసుకుపోయింది.

"ఫోన్కి గోరీ కట్టీసేను సుజీ" అంది. ఏడుపు కూడా రాలేదు. అంతవరకు మంటలకి భయపడింది. ఇప్పుడు తన చేతులకి భయపడింది. బాయిలర్ చప్పుడులో ఉన్నవాడికి బయట ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? "పారిపోయిరా" అని ఎవరైనా ఫోన్ చేసి చెప్పాలి. చేసే ఉంటారు. అతని జేబులోని ఫోను పలకదు. మోగకపోతే తియ్యనని బిడ్డ మీద ఒట్టేశాడు. మాట తప్పే మనిషీ కాదు. ఒక్కసారైనా తప్పి ఉంటే బాగుండునని, కట్టుకున్నవాడు మాట తప్పాలని ఆమె ప్రార్థించింది.

కంపెనీ బస్సులు ఆగే జంక్షన్ దగ్గరికి వెళ్ళారు. సుజి షాపు మూసి ఆమె చెయ్యి పట్టుకుని వచ్చింది. జపమాల తెచ్చుకోలేదు. "మరియమ్మా" అని మొదలెట్టిన జపం రెండో మాట దగ్గరే తెగిపోతోంది. లోపల బిడ్డ కదలడం మానేసింది. ఎప్పటినుంచి మానేసిందో గమనించలేదు. కడుపు మీద చెయ్యి వేసి, ఒత్తి, మళ్ళీ ఒత్తి చూసింది. అటు అతను పలకడు, ఇటు బిడ్డ పలకదు.

మొదటి బస్సు వచ్చింది. దిగినవాళ్ళ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బట్టల నుంచి ముక్కు పగిలే ఘాటు. రత్నరాజు లేడు. త్రినాథరావూ లేడు. త్రినాథరావుతో పాటు ప్యాకింగ్‌లో పనిచేసే పరదేశి దిగాడు. లూర్దు మేరీని చూసి తల దించుకున్నాడు.

"సెప్పు పరదేశీ" అంది ఆమె.

"గేటు కాడ అందరం సేరేమమ్మా. త్రినాథరావు సూసుకున్నాడు, రత్నరాజు నేడన్నాడు. ఫోన్ మీద ఫోన్ కొట్టేడు. ఎన్నిసార్లు కొట్టినా కవరేజీ నేదంతందన్నాడు. మంటల్లో పడిపోయేడేమో, ఫోను తియ్యలేకపోతన్నాడేమో అని తువ్వాలు తడుపుకుని లోపలికెల్లిపోయేడు. మేం పట్టుకున్నా ఆగనేదు."

"తర్వాత?"

"త్రినాథరావుని బయటికి మోసుకొచ్చేరు. సేతులు కాలిపోయేయి. పొగ మింగీసేడు. ఇశాపట్నం పెద్దాసుపత్రికి అట్టుకెల్లేరు. ఆడి పెళ్ళాం తలుపులమ్మ ఎల్లింది."

"మరి నా మనిషి?"

పరదేశి ఇంటికి వెళ్ళకుండా, రెండో బస్సు కోసం పక్కనే నిలబడ్డాడు. లూర్దు మేరీ రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. త్రినాథరావు గుమ్మంలో పడేసిన సంచి కళ్ళ ముందు ఆడింది. అతనిచ్చిన కాగితమే, అతని ఫోనుకే అడ్డం పడింది. ఆ మాట తనకి, సుజికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. తెలిస్తే? తలుపులమ్మ మొహం ఎలా చూడాలి?

రెండో బస్సు పొద్దు వాలుతుండగా వచ్చింది. ఒక్కొక్కరే దిగారు. అందరికన్నా చివర, చొక్కా మీద చిన్న మసి మరక కూడా లేకుండా, రత్నరాజు దిగాడు.

తిన్నగా వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అతని మొహం, చేతులు, మెడ అన్నీ తడిమి చూసింది. అప్పుడు లోపల బిడ్డ ఒక్కసారి గట్టిగా తన్నింది. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

"నన్ను యెనక గేటు కాడికి పంపేరే, ట్యాంకరు నీల్లు దింపించమని. మంటలొచ్చేక అటునించటే బయటికి తోసీసేరు. కొండ సుట్టూ తిరిగొచ్చి బస్సెక్కీసరికి ఇంతసేపైంది" అన్నాడు. చిన్నబుచ్చుకున్నట్టు అన్నాడు: "ఉన్నానో పోయేనో అని ఒక్కడూ ఒక్క ఫోను సెయ్యనేదు మేరీ. త్రినాథ్ బావ కూడా సెయ్యనేదు."

చొక్కా జేబులో కవరు ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. వేసిన హుక్కులు వేసినట్టే ఉన్నాయి. ఒట్టు నిలబెట్టుకున్నాడు మహానుభావుడు.

లూర్దు మేరీ కవరు లాక్కుంది. హుక్కులు ఒకటొకటిగా తీసే ఓపిక లేక పళ్ళతో పట్టి చింపింది. ఫోను ఆమె ఒళ్ళో పడింది. టవరు అందుకునేదాకా ఊరుకుంది. ఆ తర్వాత మొదలెట్టింది. మెసేజ్ వెనక మెసేజ్. ఈ నంబరు నుంచి మీకు కాల్ వచ్చింది. ఈ నంబరు నుంచి మీకు కాల్ వచ్చింది. రత్నరాజు వంగి చూశాడు. ఒక్క కాయిన్ బాక్సు నంబరు తప్ప అన్నీ ఒకే పేరు. త్రినాథ్ బావ. త్రినాథ్ బావ. త్రినాథ్ బావ.

"ఇదేటిది?" అన్నాడు. పరదేశి వైపు చూశాడు. "నీకోసమే లోపలికెల్లి కాలిపోయేడు" అన్నాడు పరదేశి.

ఫోను నిజంగా మోగింది. తెర మీద అదే పేరు. రత్నరాజు చెయ్యి చాపాడు గాని ఆ చెయ్యి ఫోను దాకా వెళ్ళలేదు. లూర్దు మేరీ తీసింది. స్పీకర్ ఎక్కడుందో ఆమె వెతకలేదు. మూరెడు దూరంలో పట్టుకోలేదు. ఫోనుని చెవికి గట్టిగా నొక్కుకుని "అన్నయ్యా" అంది.

ముందు "సెవి కాడెట్టేను, మాటాడు" అని తలుపులమ్మ గొంతు, ఆ వెనకే ఊపిరి వినిపించాయి. పీచుమిఠాయి బండి గంటంత సన్నగా, ఆగి ఆగి. ఆ తర్వాత త్రినాథరావు గొంతు.

"సెల్లెమ్మా... బావొచ్చేడా?"

"వచ్చేడన్నయ్యా. బాగున్నాడు. నా ఎదురుగానే ఉన్నాడు."

మళ్ళీ అడిగాడు. "మరి ఫోన్ ఎత్తడేటమ్మా? నాను... ఎన్నిసార్లు..."

నెట్‌వర్కు లేదన్నయ్యా అంటే సరిపోయేది. అనకాపల్లిలో ఆ మాట నమ్మని వాడు లేడు. రత్నరాజూ నమ్ముతాడు, తలుపులమ్మా నమ్ముతుంది. సుజి ఎవరికీ చెప్పదు. ఆ మాట ఆమె నోటి చివరిదాకా వచ్చింది కూడా.

"ఫోను కవర్లో ఉందన్నయ్యా. నాను కుట్టింది. నువ్విచ్చిన కాయితంతోనే, పొర మీద పొరేసి కుట్టీసేను. నీ ఫోను దాంట్లోకి రానేదు. నా వల్లే లోపలికెల్లేవన్నయ్యా."

రత్నరాజు ఆమెనే చూస్తున్నాడు. అవతల దగ్గు వచ్చింది. దగ్గు మధ్యలో నవ్వులాంటిదేదో వినిపించింది. నవ్వో, నొప్పో.

"గట్టిగా కుట్టేవమ్మా" అన్నాడు త్రినాథరావు.

ఆపైన తలుపులమ్మ ఏదో అరిచింది, ఎవరో పరిగెత్తారు, ఫోను దేనికో తగిలిన చప్పుడైంది. కాల్ కట్ కాలేదు. దూరంగా ఎవరివో మాటలు, ఏదో బల్ల ఈడ్చిన చప్పుడు వినిపిస్తున్నాయి. లూర్దు మేరీ ఆ చప్పుళ్ళ మధ్య అతని ఊపిరి కోసం వెతుకుతోంది. ఫోను చెవికి కాలుతోంది. ఆమె ఇంకా గట్టిగా నొక్కుకుంది.